సేవా మండలికి బ్యానరెందుకు, రిజిస్టరుంటే చాలదా?

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో మన తెలుగువాళ్లున్న ఏ ఊళ్లోనైనా సేవా సంఘాలకు కరువు లేదు. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం ఎక్కడ చూసినా వీధికో యువజన సంఘం, కులానికో సేవా సమితి, ఫోనుకు పది రక్తదాతల గ్రూపులు. వీటన్నిటినీ కలిపి జిల్లాకో మండలి పెడదామన్న ఆలోచన కూడా కొత్తదేం కాదు. పెడతారు కూడా. మొదటి మీటింగులో లోగో తేలుతుంది. రెండో మీటింగులో ఉపాధ్యక్షుల జాబితా తేలుతుంది (ఎవరినీ నొప్పించకూడదు కాబట్టి అది చాంతాడంత ఉంటుంది). మూడో మీటింగు సన్మానసభ. ఆరు నెలలు తిరిగేసరికి మండలి కూడా దుప్పట్లు పంచుతూ, మొక్కలు నాటుతూ ఫొటోల్లో కనిపిస్తుంది. యాభై సంఘాలకు అండగా ఉండాల్సింది యాభై ఒకటో సంఘమై కూర్చుంటుంది. చందాకు వెళ్లేది మళ్లీ అవే షాపులకు. చిన్న సంఘాలకు సాయం రాలేదు సరికదా, పోటీ వచ్చి పడింది.

మండలి పని సేవ చేయడం కాదు. సేవ చేసేవాళ్లకు కాగితం, లెక్క, మనిషి, తేదీ సమకూర్చడం. ఇంగ్లండ్‌లో ఈ పద్ధతికి నూరేళ్లు దాటాయి. స్వచ్ఛంద సంస్థల జాతీయ మండలి అక్కడ 1919లోనే పుట్టింది. చాలా ప్రాంతాల్లో స్థానిక మండళ్లున్నాయి. లెక్కలు రాయడం నేర్పడం, వాలంటీర్లను సంఘాలకు జతచేయడం, ప్రభుత్వం దగ్గర చిన్న సంఘాల తరఫున మాట్లాడటం వాటి ప్రధానమైన పని. మనకు అక్కడి హంగులేం అక్కర్లేదు. ఆ పని విభజన ఒక్కటి అర్థమైతే చాలు.

రక్తదానం సంగతే చూడండి. ఆగస్టు 15న నాలుగు సంఘాలు నాలుగు శిబిరాలు పెడతాయి. అక్టోబరు 2న మళ్లీ అదే తంతు. మధ్యలో ఏ నాయకుడి పుట్టినరోజో వస్తే అదొకటి. సేకరించిన రక్తం మామూలు సంచిలో 35 రోజులు, ప్రత్యేక ద్రావణం కలిపిన ఎర్రకణాలైతే 42 రోజులు నిలవుంటాయి. ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఇచ్చిన మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. అంటే ఒకే రోజున ఊరిలో దాతలందరి చేతా ఇప్పించేస్తే, నలభై రోజులు దాటాక నిల్వ ఉండదు, దాతకేమో ఇంకా గడువు తీరదు. సరిగ్గా ఆ సందులోనే ఆసుపత్రి ముందు బంధువులు ఫోన్లు పట్టుకుని తిరుగుతుంటారు. తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు) ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మూడు వారాలకో సంచి చొప్పున వేసుకున్నా ఒక్క బిడ్డకు ఏడాదికి పదిహేడు సంచులు. ఆ పిల్లలకు జెండా పండగతో పనిలేదు, ప్రతి మూడో వారంతోనే పని.

ఇక్కడ మండలి చేయాల్సింది ఒక్క క్యాలెండరు. జనవరిలోనే సంఘాలన్నిటినీ కూర్చోబెట్టి, బ్లడ్ బ్యాంకును అడిగి, శిబిరానికీ శిబిరానికీ మధ్య కనీసం మూడు వారాలు ఉండేలా తేదీలు పంచాలి. కాలేజీలకు సెలవులు, పైన ఎండ ఉండే మే, జూన్ తేదీలకే మొదట సంఘాన్ని వెతకాలి, ఎందుకంటే ఆ తేదీలు ఎవరూ అడగరు. శిబిరం రోజు జరిగే పొరపాట్లు కూడా తెలిసినవే. 45 కిలోల లోపు ఉన్నవాళ్లు, హిమోగ్లోబిన్ 12.5 లేనివాళ్లు, 18 నిండనివాళ్లు వరసలో నిలబడి తిరిగి వెళ్తారు. వాళ్లకు అది చిన్నతనం. ఇంకోసారి రారు. ముందురోజే ఫోనులో నాలుగు ప్రశ్నలు అడిగితే ఆ బాధ ఉండదు. ఇంతకీ ఆగస్టు 15 తేదీ ఎవరికి? చీటీలు వేయండి. ఈ తగువు తీర్చలేని మండలి ఇంకేదీ తీర్చలేదు.

ఇక తుఫాను. మనవైపు తుఫానంటే సముద్రం ఒడ్డు సంగతి అనుకునే అలవాటు ఇంకా పోలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటింది పలాస దగ్గర. సముద్రమే లేని గజపతి జిల్లాలో కొండలు జారాయి. రాయగడ బ్లాకులోని బారాఘరా దగ్గర కొండచరియ పడి పదిమందికి పైగా పోయారు. (ఇది గజపతిలోని రాయగడ బ్లాకు, రాయగడ జిల్లా కాదు. సామాన్ల లారీ తప్పుదారి పట్టడానికి ఈ ఒక్క పేరు చాలు, రిజిస్టరులో జిల్లా పేరు కూడా రాయండి.)

అలాంటి వారంలో వాలంటీర్లకు కొరత ఉండదు. ఎవరు ఎక్కడికి వెళ్లాలో తెలియకపోవడమే కొరత. రోడ్డు పక్కనున్న మొదటి ఊరికి ఏడు బళ్లు వస్తాయి, కొండమీద ఊరికి ఒక్కటీ పోదు. పాత బట్టలు గుట్టలుగా వచ్చి వానకు తడిసి కుళ్లుతాయి. కావాల్సింది టార్పాలిన్, తాడు, కొవ్వొత్తులు, దోమతెరలు, బ్లీచింగ్ పౌడరు. ఆ పౌడరు కూడా దోసిళ్లతో బావిలో చల్లితే సరిపోదు. లెక్క ఇది: బావి అడ్డం కొలతను మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించండి, నీటి లోతుతో గుణించండి, 3.14తో గుణించి 4తో భాగించండి, వెయ్యితో గుణిస్తే లీటర్లు వస్తాయి. 2 మీటర్ల అడ్డం, 3 మీటర్ల నీళ్లుంటే 9,420 లీటర్లు. మంచి పౌడరు వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు, అంటే ఈ బావికి 24 గ్రాముల దాకా. బకెట్లో కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత నీళ్లు పోసి, పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కు దిగుతుంది. పైతేట మాత్రం వేరే బకెట్లోకి వంచి, దాన్ని తాడుతో బావిలోకి దించి పైకీ కిందకీ ఆడించాలి. అడుగు సున్నం పారబోయాలి. గంట ఆగాకే నీళ్లు తోడుకోవాలి. వరద నీళ్లు చేరి బురదగా ఉన్న బావికి ఈ కొలత చాలదు. ముందు తోడిపోయాలి, తర్వాత ఆరోగ్య కార్యకర్త చేత క్లోరిన్ పరీక్ష చేయించాలి. మూత తీసి నెలల తరబడి మూలన పడేసిన సంచిలో పసే ఉండదు, అది పోసి బావి బాగుపడిందనుకోవడం ఇంకా ప్రమాదం. ఊళ్లో గావ్ కల్యాణ్ సమితికి (ఊరి ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీ) ఏటా వచ్చే పదివేల రూపాయల్లోంచి పౌడరు కొనుక్కోవచ్చు. ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది. మన సంఘాలు అడగవు, చందాకు బయల్దేరతాయి.

మండలి దగ్గర ఉండాల్సిన అసలు ఆస్తి వాలంటీర్ల జాబితా. పేరు, ఫోను, బ్లడ్ గ్రూపు వరకు అందరూ రాస్తారు. బండి ఉందా, లైసెన్సుందా, ఈత వచ్చా, కరెంటు పని వచ్చా, చెట్టు కోసే మిషను పట్టగలరా, వారంలో ఏ రోజు ఖాళీ, ఏ భాషలు వచ్చు, ఇవీ రాయాలి. ఆధార్ జెరాక్సులు మాత్రం తీసుకోకండి. దేనికో తెలియకుండా పోగేసి బీరువాలో ఎలకలకు పెట్టే కాగితాలవి. ఈ జాబితాకున్న జబ్బు, ఆరు నెలలకే పాతబడిపోవడం. కుర్రాళ్లు విశాఖ వెళ్తారు, హైదరాబాదు వెళ్తారు, గంజాం వైపైతే సూరత్ వెళ్తారు. నంబర్లు మారతాయి. కాబట్టి ఒక్కో మనిషికి పాతిక పేర్లు అప్పగించి ఏడాదికి రెండుసార్లు ఫోను చేయించాలి. అందులో ఒకసారి తప్పనిసరిగా సెప్టెంబరులో. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, తర్వాత తిత్లీ, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. ఇంతకంటే ముందుగా ఎవరు చెబుతారు?

భాషల గడి ఎందుకంటే, గజపతి జిల్లా గుమ్మ, నువాగడ కొండల్లో సవర గిరిజనుల ఊళ్లకు మన కుర్రాళ్లు వెళ్లి తెలుగులోనో ఒడియాలోనో పారిశుద్ధ్యం మీద ఉపన్యాసం ఇచ్చి వస్తారు. విన్నవాళ్లు మర్యాదకు తలూపుతారు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో మాస్టరుగా ఉంటూ సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తాను సవర నేర్చుకున్నారు. పుస్తకాలు, బడులు, నిఘంటువు ఆ తర్వాతి సంగతులు. ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, ఫొటోకు దండ వేసే ప్రతి సంఘంలో సవర వచ్చిన వాలంటీరు ఒక్కరైనా ఉన్నారేమో లెక్క తీయండి. లేకపోతే ఆ ఊరి సవర కుర్రాడినే పిలిచి ముందు నిలబెట్టండి, దారిఖర్చులిచ్చి.

దారిఖర్చుల మాట కూడా తేల్చుకోవాలి. జీతం ఇవ్వకపోవడం వేరు, పెట్రోలు కూడా ఇవ్వకపోవడం వేరు. ఇవ్వకపోతే జేబులో డబ్బున్నవాళ్లే వాలంటీర్లవుతారు, ఊరి పెద్దల పిల్లలే మిగులుతారు. బిల్లు చూసి వారం లోపల ఇచ్చేయాలి. విద్యార్థులు సర్టిఫికెట్ కోసం వస్తారని ఎగతాళి చేయడం మాకు నచ్చదు. రానివ్వండి. ఎన్ఎస్ఎస్‌లో (కాలేజీల్లో నడిచే జాతీయ సేవా పథకం) ఏడాదికి 120 గంటలు లెక్క. వారానికి మూడు గంటల చొప్పున నలభై వారాలు ఒకే బస్తీలో పిల్లలకు లెక్కలు చెప్పించినా 120 గంటలే, ఎండలో ర్యాలీలు తిప్పి కానిచ్చినా 120 గంటలే. ఏది చేయించాలో నిర్ణయించేది మనం. పిల్లలుండే చోట మాత్రం ఒంటరిగా ఎవరినీ పంపకండి, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, ఎంత మంచివాడైనా సరే.

ఇప్పుడు కాగితాలు. సంఘాలు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. ఒడిశాలో సొసైటీ నమోదు 1860 నాటి చట్టం కింద, కనీసం ఏడుగురు, జిల్లాలో అదనపు కలెక్టరు ఆఫీసులో. మన కుర్రాళ్లు చేసేదేమిటంటే, సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నంలో బావమరిది సంఘం బైలా (నియమావళి) తెచ్చి పేరు మార్చి ఇచ్చేస్తారు. అది 2001 నాటి ఆంధ్ర చట్టం కింద రాసింది. ఆ చట్టం పేరు, సెక్షన్లు అలాగే ఉండిపోతాయి. తిప్పి పంపిస్తే, తెలుగువాళ్లమని కాదన్నారని పోస్టు పెడతారు! నమోదయ్యాక అసలు మరుపు మొదలవుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 14 రోజుల్లోపు కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఎవరూ ఇవ్వరు. మూడేళ్ల తర్వాత కార్యదర్శి బదిలీ అవుతాడు, కోశాధికారి పోతాడు, బ్యాంకు కొత్త సంతకాలకు ఆ జాబితా అడుగుతుంది. ఖాతాలో డబ్బుండీ తీయలేరు. తీర్మానాలు తెలుగులో రాసుకోండి, తప్పులేదు. ఆఫీసుకిచ్చే ప్రతి ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఉండాలి, ఆ అనువాదం మండలి చేసిపెట్టాలి.

ఆ తర్వాత 12ఏ, 80జీ అని పిలిచే ఆదాయపు పన్ను నమోదులు. మొదటిది సంఘం ఆదాయానికి, రెండోది దాతకు పన్ను మినహాయింపు కోసం. కొత్త సంస్థకు మొదట ఇచ్చేది తాత్కాలిక నమోదు, మూడేళ్లకే. ఫ్రేము కట్టి గోడకు తగిలించి మర్చిపోతారు. గడువుకు ఆరు నెలల ముందే మళ్లీ దరఖాస్తు పెట్టాలి. పని మొదలుపెట్టేస్తే అప్పటినుంచి ఆరు నెలల్లోపే. రెండువేలకు మించి నగదుగా ఇస్తే దాతకు 80జీ మినహాయింపు రాదు, ఈ ముక్క రసీదు పుస్తకం మీదే అచ్చు వేయించండి. అన్నిటికంటే పెద్ద తప్పు, అధ్యక్షుడి సొంత ఫోనుపే క్యూఆర్ కోడుకు చందాలు వేయించడం. ఆయన ఎంత నిజాయితీపరుడైనా ఆ డబ్బు ఆయన ఖాతాలో ఆయన ఆదాయంలా కనిపిస్తుంది. సంఘం పేరున పాన్, సంఘం పేరున ఖాతా, ఇద్దరి సంతకం. అవి లేని రోజున చందా వద్దు, వస్తువులే తీసుకోండి.

మండలికి డబ్బు ఎక్కడిదంటారా? పెద్ద సంస్థ తెచ్చి పంచుతుందనే ఆశ వదులుకోండి. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టం సవరించాక, ఆ నిధులు అందుకున్న సంస్థ వాటిని ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. ఆఫీసు ఖర్చుల వాటా కూడా 50 శాతం నుంచి 20కి దిగింది. పల్లె సంఘాలకు పై నుంచి వచ్చే ఆ కాలువ మూసుకుపోయింది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బుకేమో 12ఏ, 80జీ, విడిగా నమోదు, మూడేళ్ల అనుభవం కావాలి. కాశీనగరం యువజన సంఘం ఎక్కడి నుంచి తెస్తుంది? కాబట్టి సభ్యత్వమే దిక్కు. యాభై సంఘాలు ఏటా వెయ్యేసి కడితే యాభై వేలు. ఒక ఫోను, రెండు రిజిస్టర్లు, వారానికి ఒక పూట వచ్చి అందరి లెక్కలూ చూసే అకౌంటెంటు, ఇంతకు సరిపోతుంది. హాలు అద్దె, శాలువాలు ఇందులో లేవు, గమనించండి.

వెయ్యి రూపాయలు ఎవరు కడతారనేవాళ్లు బరంపురం దగ్గరి మొహుదాలో ఉన్న గ్రామ్ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతి చూడాలి. ఊళ్లో నూటికి నూరు ఇళ్లూ ఒప్పుకుంటేనే కుళాయి నీళ్లు, మరుగుదొడ్లు, స్నానాల గదుల పని మొదలు. ఒక్క ఇల్లు కాదన్నా ఆగుతుంది. ఇంటికి సగటున వెయ్యి రూపాయలు మూలనిధికి. ఉన్నవాళ్లు ఎక్కువ, లేనివాళ్లు తక్కువ. దాని వడ్డీతో తర్వాత ఊళ్లో వెలిసే కొత్త ఇళ్లకు కూడా ఆ సౌకర్యం. కూలి చేసుకునే కుటుంబాలున్న ఊళ్లే అది పోగేశాయి. ఫ్లెక్సీకి రెండువేలు పెట్టే సంఘాలు కట్టలేవా?

కట్టే ముందు మాత్రం మండలి బైలాలో ఒక నిబంధన రాయించుకోండి: మండలి తన పేరుతో ఏ సేవా కార్యక్రమమూ చేయదు, ఏ దాతనూ తన కోసం విడిగా అడగదు. తుఫానప్పుడు మండలి నుంచి వెళ్లి కలెక్టరు ఆఫీసులో కూర్చునే మనిషి కూడా సభ్య సంఘాల తరఫునే కూర్చుంటాడు. ఈ వాక్యం రాయడానికి నసిగే మండలికి ఒక్క రూపాయి కట్టకండి.