ఈసారి మొనాకో వద్దు, సోస్పెల్ పోదాం

ఏటా వేసవిలో మన సంఘం బస్సు ఫ్రాన్స్ దక్షిణ తీరాన ఉన్న నీస్ వస్తుంది. సముద్రం ఒడ్డున ఒక గంట, ఎజ్‌లో సెంటు ఫ్యాక్టరీ, మొనాకోలో క్యాసినో ముందు ఫొటోలు, సాయంత్రం తిరుగు ప్రయాణం. పదకొండేళ్ళుగా ఈ చుట్టుపక్కలే ఉంటున్నాను కాబట్టి దారి చూపించే పని చాలాసార్లు నాకే వచ్చింది, ఇష్టంగానే చేశాను. వచ్చే ఏడాది యాత్ర గురించి కమిటీవాళ్ళు సలహాలు అడిగారు కనుక మనసులో మాట చెప్తున్నాను. ఈసారి మొనాకో వద్దు. సోస్పెల్ పోదాం, రెండు రాత్రులు అక్కడే ఉందాం, సైకిళ్ళు తొక్కుదాం.

సోస్పెల్ సముద్రం ఒడ్డున ఉన్న మాంతోన్ ఊరికి వెనకాల కొండల్లో ఉంది. నీస్ నుంచి రైల్లో సుమారు గంట. సముద్రమట్టానికి 350 మీటర్ల ఎత్తున, బెవెరా అనే చిన్న ఏటి ఒడ్డున ఊరు. ఏటి మీద పాత రాతి వంతెన, వంతెన మధ్యలో ఒక బురుజు. పూర్వం నీస్ నుంచి ఇటలీలోని తూరిన్ వైపు ఉప్పు మోసుకెళ్ళే కంచరగాడిదలు ఈ దారినే పోయేవి, ఆ బురుజు దగ్గర సుంకం కట్టి వంతెన దాటాలి. రెండో ప్రపంచ యుద్ధంలో వంతెన దెబ్బతింటే తర్వాత మళ్ళీ కట్టారు. మనం సైకిళ్ళ మీద ఎక్కబోయే రోడ్లలో కొంత భాగం ఆ ఉప్పు దారే.

ఈ ఊరే ఎందుకంటారా? ఊళ్ళోంచి ఏ దిక్కుకి బయల్దేరినా ఒక కనుమ ఎదురొస్తుంది. దక్షిణాన కస్తియోన్, 706 మీటర్లు. బ్రెయ్ అనే ఊరి వైపు వెళ్తే బ్రూయిస్, 879 మీటర్లు. పడమట బ్రోస్, 1002 మీటర్లు. ఉత్తరాన తురిని, 1607 మీటర్లు. అంటే ఇరవై మందిమి వెళ్తే ఎవరి ఓపికకి తగ్గ కొండ వాళ్ళకి దొరుకుతుంది, రాత్రికి అందరం ఒకే బల్ల దగ్గర కూర్చుని తినొచ్చు. మొనాకోకి దగ్గర్లోని పేయ్, సాంత్ అన్యేస్ కూడా చూడముచ్చటైన కొండ ఊళ్ళే, కానీ అక్కడ గుమ్మం దాటగానే నిటారు ఎక్కుడో దిగుడో తప్ప మరో దారి ఉండదు. కొత్తవాళ్ళని అక్కడికి తీసుకెళ్తే మొదటి రోజే సైకిల్ మీద విరక్తి పుడుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ ప్రాంతంలో సైకిల్ అనగానే మన కుర్రాళ్ళు మదోన్ కనుమ పేరెత్తుతారు. మాంతోన్ నుంచి సుమారు 13 కిలోమీటర్ల ఎక్కుడు, పైన 925 మీటర్ల ఎత్తు. ఫ్రాన్స్‌లో ఏటా జరిగే పెద్ద సైకిల్ పోటీ టూర్ ద ఫ్రాన్స్ ఎప్పుడూ ఆ కనుమ మీదుగా పోలేదు. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ లాంటి రేసర్లు పోటీలకి ముందు తమ సత్తా చూసుకోవడానికి అక్కడ టైమ్ పెట్టుకుని ఎక్కేవాళ్ళు, అందుకే ఆ పేరు ప్రపంచమంతా పాకింది. ఒక సైకిల్ మోడల్‌కి కూడా ఆ పేరే పెట్టారు. నిషేధించిన మందులు వాడినందుకు ఆర్మ్‌స్ట్రాంగ్ టూర్ టైటిళ్ళన్నీ 2012లో పోయాయి కానీ, గడియారం చూసుకుంటూ కొండెక్కే అలవాటు మాత్రం ఆ రోడ్డు మీద ఉండిపోయింది. మనవాళ్ళు ఫోన్‌లో నిమిషాలు లెక్కపెట్టుకుంటూ, తల ఎత్తకుండా ఎక్కి, పైన ఫొటో దిగి, వెంటనే కిందికి జారిపోతే నాకు బాధగా ఉంటుంది. ఆ కొండ మీద అంతసేపు ఉండి కూడా వాళ్ళు ఏమీ చూడలేదు.

"మన వల్ల అవుతుందా?" అని చాలామంది అడుగుతారు. మనలో సగం మంది సీటు అందక, బారు కింద నుంచి కాలు దూర్చి నాన్న సైకిల్ మీద నేర్చుకున్నవాళ్ళమే. గంటకి ఇంతని అద్దె కట్టి తొక్కినవాళ్ళమే. స్కూటర్ వచ్చాక అది మూల పడింది, కారు వచ్చాక పిల్లల ఆటవస్తువైంది. కారుండగా సైకిలేంటి, చూసేవాళ్ళు ఏమనుకుంటారు అన్న మాట నేనూ ఇంట్లో విన్నాను. సోస్పెల్‌లో ఎవరూ ఏమీ అనుకోరు. అరవై దాటిన ఆడవాళ్ళు హెల్మెట్ పెట్టుకుని బేకరీ ముందు సైకిల్ ఆనించి కాఫీ తాగుతుంటారు.

మా నాన్న సంగతి చెప్తాను. ఆయన రిటైరైన టీచరు. తెనాలి దగ్గర మా ఊరి నుంచి పక్క ఊరి బడికి కాలువ గట్టు మీద ఇరవై ఏళ్ళకు పైగా సైకిల్ మీదే వెళ్ళొచ్చారు. డెల్టాలో పుట్టిన మనిషి, వంతెన ఎక్కడం తప్ప ఎత్తు ఎరగరు. డెబ్బై ఒకటో ఏట ఇక్కడికొస్తే సోస్పెల్ తీసుకెళ్ళి బ్యాటరీ సైకిల్ అద్దెకి ఇప్పించాను.

"తొక్కితేనే నడుస్తుంది నాన్నా, ఎక్కేటప్పుడు మాత్రం అది కాస్త సాయం పడుతుంది" అన్నాను.

"సాయం పట్టేవాళ్ళుంటే ఎక్కడానికేంటమ్మా, ముందు ఒక రబ్బరు బ్యాండు ఇవ్వు" అన్నారు.

ఎందుకో నాకు అర్థం కాలేదు. నా జడకున్నది తీసిచ్చాను. ఆయన వంగి, కుడికాలి ప్యాంటు అంచు మడిచి, చీలమండ మీద బ్యాండు బిగించారు. చైన్‌లో బట్ట పడకుండా బడికి వెళ్ళే రోజుల్లో రోజూ చేసిన పని అది. చేతులు మర్చిపోలేదు. కస్తియోన్ పాత రోడ్డు సుమారు 7 కిలోమీటర్లు. పెద్ద రోడ్డు సొరంగంలోంచి పోతుంది కాబట్టి పాత రోడ్డు మీదికి కార్లు పెద్దగా రావు. నాన్న మూడుచోట్ల ఆగారు, అలసటతో ఒకసారి, అంజూర చెట్టు చూడ్డానికి రెండుసార్లు. దిగేటప్పుడు నాకంటే జాగ్రత్తగా, రెండు బ్రేకులూ కొంచెం కొంచెంగా నొక్కుతూ వచ్చారు. మొనాకో కూడా చూపించాను ఆయనకి. ఇంటికెళ్ళాక అందరికీ చెప్పింది మాత్రం ఈ రోడ్డు గురించే.

బాగా తొక్కగలిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకే చుట్టు. సోస్పెల్ నుంచి తురిని, అక్కణ్ణించి పెయిరా కావా మీదుగా ల్యూసెరామ్, లెస్కరేన్ అనే ఊళ్ళ దాకా దిగి, మళ్ళీ బ్రోస్ ఎక్కి సోస్పెల్‌కి. మొత్తం సుమారు 75 కిలోమీటర్లు, ఒక రోజంతా పెట్టుకోవాలి. తురిని ఎక్కుడు 24 కిలోమీటర్లలో 1250 మీటర్లకు పైగా ఉంటుంది. లెక్క చూసి హడలిపోకండి, సగటున నూటికి ఐదు మీటర్లే. సైకిల్ గేర్లలో పెడల్ దగ్గర ముందు చక్రానికి 34 పళ్ళు, వెనక 32 లేదా 34 పళ్ళ చక్రం ఉంటే మోకాళ్ళు మొరాయించవు. తిరుమల మెట్లెక్కినవాళ్ళకి మోకాళ్ళ పర్వతం గుర్తుండే ఉంటుంది. మొదటి మెట్ల దగ్గర ఉరికినవాళ్ళే అక్కడ కూలబడతారు. ఇక్కడా మొదటి గంట మాట్లాడుతూ తొక్కగలిగే వేగం దాటొద్దు.

ఊరు దాటాక దారి ఇరుకైన లోయలోకి దూరుతుంది. పక్కన బెవెరా నీళ్ళ చప్పుడు, రెండు వైపులా రాతి గోడలు. ఒక మలుపు తిరగగానే తల మీద వంతెన కనిపిస్తుంది. రోడ్డు మీదుగా ఆ మెట్ల వంతెన దాటితే నోత్ర్ దామ్ ద లా మెనూర్ అనే గుడి. కార్లో వెళ్ళినప్పుడు రెండుసార్లు దాని కిందుగానే పోయాను, చూడలేదు. సైకిల్ మీద వెళ్ళినప్పుడే కనబడింది. తర్వాత మూలినే అనే ఊరు. నీళ్ళు అక్కడే నింపుకోండి. ఈ ఊళ్ళలో రాతి తొట్టెల్లోకి కొండనీళ్ళు పడుతుంటాయి. "నాన్ పొటాబ్ల్" అని రాసి ఉంటే మాత్రం తాగకండి. తినడానికి నేను పులిహోర ముద్దలు చేసి కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంటాను. రేసర్లు కూడా అన్నం ముద్దలే తింటారు. మనకి ఉప్పూ పులుపూ ఎక్కువగా ఉండటం ఇంకా మేలు.

తురిని పైన చుట్టూ అడవి, నీడ, చల్లగాలి. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. మొదటిసారి ఏప్రిల్‌లో, చెమటతో తడిసిన చొక్కాతోనే దిగడం మొదలుపెట్టాను. పది నిమిషాల్లో వేళ్ళు కొయ్యబారాయి. బ్రేకు నొక్కుతున్నానో లేదో తెలియలేదు. రోడ్డు పక్కన ఆపి, చేతులు చంకల్లో పెట్టుకుని పావుగంట కూర్చున్నాను. మడిస్తే పిడికెడంత అయ్యే గాలి జాకెట్, చేతి తొడుగులు వెంట లేకుండా ఆ కనుమ ఎక్కొద్దు.

లెస్కరేన్ నుంచి బ్రోస్ మరో 10 కిలోమీటర్లు. రాతి గోడల మీద ఒకదానిపై ఒకటి మడతపెట్టిన చీరలా మలుపులు కనిపిస్తాయి. 2024 జులైలో టూర్ ముగింపు పారిస్‌లో కాకుండా ఇటు వచ్చినప్పుడు, చివరి ముందు రోజు రేసర్లు బ్రోస్, తురిని వరసగా ఎక్కారు. కానీ నాకు బ్రోస్ అంటే రెనే వియెత్తో. కాన్ దగ్గర పుట్టిన కుర్రాడు. 1934 టూర్‌లో ఇరవై ఏళ్ళవాడు, కొండల మీద అతన్ని మించినవాడు లేడు. పిరెనీస్ కొండల్లో తన జట్టు నాయకుడు ఆంతొనిన్ మాన్ పడిపోతే, తన చక్రం విప్పి ఇచ్చేసి, రోడ్డు పక్క గోడ మీద కూర్చుని ఏడ్చాడు. మర్నాడు మళ్ళీ నాయకుడికి ఇబ్బంది వస్తే, దిగుతున్నవాడల్లా వెనక్కి తిరిగి ఎక్కి తన సైకిలే ఇచ్చాడు. ఆ ఏడు టూర్ గెలిచింది మాన్, వియెత్తోకి ఐదో స్థానం. 1988లో పోయాడు. ఆయన జ్ఞాపకంగా బ్రోస్ మీద ఒక రాయి నిలబెట్టారు. రోజు చివర్లో కాళ్ళు లాగుతుండగా అక్కడ దిగి నిలబడితే ఏమనిపిస్తుందో చెప్పలేను. నేను ప్రతిసారీ ఆగుతాను.

రోడ్డు భయం గురించి ఒక్క మాట. ఊరి బయట సైకిల్‌ని దాటే కారు మీటరున్నర దూరం వదలాలని ఇక్కడ చట్టం, చాలామంది పాటిస్తారు. శని, ఆదివారాల్లో తురిని మీద మోటర్‌సైకిళ్ళు జోరుగా వస్తాయి కాబట్టి ఆ చుట్టు శుక్రవారమే పెట్టుకోవాలి. పన్నెండేళ్ళలోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, పెద్దలు కూడా పెట్టుకుని తీరాలని నా పట్టు.

బస్సు అక్కర్లేదు. నీస్ స్టేషన్ నుంచి తెండ్ వెళ్ళే రైల్లో సైకిల్ కూడా ఎక్కించొచ్చు. దారిలో దాదాపు 6 కిలోమీటర్ల సొరంగం వస్తుంది, అది బ్రోస్ కొండ కిందుగానే పోతుంది. మర్నాడు మనం ఎక్కేది దాని నెత్తి మీదే.

మే మూడో వారం అయితే బాగుంటుందని నా ఆలోచన. అప్పటికి తురిని మీద మంచు మామూలుగా కరిగిపోతుంది, ఎండ ఇంకా ముదరదు. ఒప్పుకునేవాళ్ళు కమిటీకి పేరు పంపండి. బ్యాటరీ సైకిల్ కావాలో మామూలుది కావాలో చెప్పండి, పేరు పక్కనే మీ ఎత్తు కూడా రాయండి. సైకిల్ సైజు దాన్నిబట్టే తీసుకోవాలి.