మా తాత మూట: ఒక సాహిత్య పరిశీలన

తెలుగులో వలస రచయితలకు కరువొచ్చిందని విని, ఆ లోటు పూడ్చే భారం నేనే నెత్తికెత్తుకున్నాను. మాది చెన్నై, సైదాపేట. మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్నాం. కథలు రాస్తాను. పక్కవాళ్ల కథల మీద విమర్శ రాస్తాను. పెద్ద రచయితల్ని ఇంటర్వ్యూ చేస్తాను. నన్ను చిన్న రచయితలు ఇంటర్వ్యూ చేస్తారు. ఈ నాలుగు వ్యాపారాలకూ పెట్టుబడి ఒక్కటే, మా తాత మూట.

సంగతేమిటంటే, 1938లో మా తాత గూడూరు నుంచి మద్రాసు వచ్చాడు. ఎస్సెల్సీ తప్పాడు, వాళ్ల నాన్న చెప్పు తీశాడు, ఈయన రైలెక్కాడు. జార్జిటౌనులో ఒక అచ్చాఫీసులో ఆయన మేనమామ కంపోజిటరు. గూడూరు నుంచి సెంట్రల్ స్టేషనుకు 140 కిలోమీటర్లు కూడా లేదు. పొద్దున చద్దన్నం తిని బయల్దేరినవాడు ఆ పూట భోజనానికల్లా మేనమామ ఇంట్లో ఉన్నాడు. చేతిలో ఒక మూట. అందులో రెండు పంచెలు, ఒక చొక్కా, వాళ్లమ్మ తమ్ముడికని పంపిన ఆవకాయ జాడీ.

ఇంత సుఖంగా వస్తే సాహిత్యం ఎలా పుడుతుంది? ఉన్నదున్నట్టు రాసిన నా మొదటి కథని ఒక సంపాదకుడు మర్యాదగానే తిప్పి పంపాడు. "వేదన చాల్లేదు" అని పక్కన పెన్సిలుతో రాశాడు. రెండో కథలో తాతని నడిపించాను. వెంటనే అచ్చేశారు, బొమ్మతో సహా. బొమ్మలో ఆయనకి గడ్డం కూడా పెట్టారు. పదిహేడేళ్ల కుర్రాడికి.

అక్కణ్ణుంచి మూట పెరగడం మొదలైంది. మొదటి ఇంటర్వ్యూలో ఆవకాయ జాడీ తీసేసి పోతన భాగవతం పెట్టాను. నిజానికి మా తాత భాగవతం చూసింది అచ్చాఫీసులోనే, అదీ సీసపు అక్షరాల్లో తిరగేసి. రెండో ఇంటర్వ్యూకి గుప్పెడు పొలంమట్టి చేరింది. మాకు పొలం లేదు, అది వేరే విషయం. మూడోదానికి ముత్తవ్వ తిరగలి చేరింది. తిరగలి దగ్గర మా అమ్మాయి అడ్డం పడింది. "అంత బరువుంటే రైల్వేవాళ్లు లగేజీ టికెట్టు కొట్టేవాళ్లు కదా నాన్నా?" అంది. రైలు కాదమ్మా, నడక అన్నాను. "రైలనే కదా నాకు చిన్నప్పుడు చెప్పింది?" అంది.

మా అమ్మాయితో ఒక సౌకర్యం ఉంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవలేదు. తమిళనాట 2006 చట్టంతో బళ్లో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతిలో మొదలై ఏడాదికో మెట్టు ఎక్కుతూ ఆ నియమం 2016కి పదో తరగతి చేరింది. మా అమ్మాయిది సరిగ్గా ఆ తొలి జట్టు. అదీ చట్టమూ కలిసే ఒక్కొక్క తరగతీ పాసయ్యాయి. ఇంట్లో తెలుగు నేర్పొచ్చు కదా అని మీరడుగుతారు. నేర్పేవాణ్ణే. భాష అంతరించిపోతోందని వ్యాసాలు రాసే పనిలో తీరిక చిక్కలేదు.

ఇక శాస్త్రీయంగా చూద్దాం. అసలు వలసవాడంటే ఎవరు? 1938లో గూడూరూ మద్రాసూ ఒకే రాష్ట్రం. మా తాత ఏ గీతా దాటలేదు. 1953 అక్టోబరు 1న ఎక్కడో తడ దగ్గర గీత గీశారు, ఈయన ఇవతల మిగిలాడు. ఆ రోజు కూడా ఆయన పనికే వెళ్లాడు. తిరుత్తణి వాళ్ల యోగం ఇంకా గొప్పది. ఆరున్నరేళ్లు ఆంధ్రలో ఉండి, సరిహద్దుల సర్దుబాటులో ఇల్లు కదలకుండా, అరుగు మీద కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే మద్రాసు రాష్ట్రానికి వలసొచ్చేశారు. అది జరిగింది 1960 ఏప్రిల్ 1న. తారీఖు నేను కల్పించింది కాదు.

మరో లెక్క కూడా చూడండి. ఆంధ్రపత్రిక 1914లో బొంబాయి వదిలి మద్రాసు చేరింది. 1924లో భారతి ఇక్కడే మొదలైంది. 1947 జూలైలో చందమామ ఇక్కడే పుట్టింది. కొడవటిగంటి కుటుంబరావు, శ్రీశ్రీ, ఆరుద్ర ఈ ఊళ్లోనే కాపురముండి రాశారు. తర్వాత పత్రికలు వెళ్లాయి, ప్రచురణకర్తలు వెళ్లారు, సినిమా సామాను సర్దుకుని వెళ్లింది. మా తాత మాత్రం సైదాపేట వంతెన ఇవతలే ఉండిపోయాడు. ఈ లెక్కన వలస పోయింది తెలుగు సాహిత్యం, మేం కాదు. పోయినది పోయినట్టుండక, హైదరాబాదులో ఫ్యాను కింద కూర్చుని నాకు ఫోన్ చేసి, "ఇంటికి దూరంగా బతకడం ఎలా ఉందండీ?" అని అడుగుతుంది.

నేను గొంతు తగ్గించి, "ఏదో వెలితి" అంటాను. అలా అనాలి. మొదట్లో తెలియక "బానే ఉందండీ" అన్నాను. ఆ ఇంటర్వ్యూ రాలేదు.

ఈ ప్రశ్నలకు నిలబడటం ఒక విద్య. మీ సొంతూరేది అంటారు. సైదాపేట అంటే ఒప్పుకోరు, "అది కాదండీ, అసలు ఊరు" అంటారు. ఇక్కడ ఆటో అతను కూడా "సొంద ఊరు ఎదు సార్?" అని అదే ప్రశ్న తమిళంలో అడుగుతాడు, కాకపోతే వినకుండా మీటరు చూసుకుంటాడు. మీకు కలలు ఏ భాషలో వస్తాయి అంటారు. నాకు తరచూ వచ్చే కల మాంబళం స్టేషన్లో కదిలిపోతున్న లోకల్ వెంట పరిగెత్తడం, అందులో మాటలుండవు. "అమ్మభాషలో" అని చెబుతాను. కథలో ఆ మూడో పేరా అలా ఎందుకు ఆపారు, ఆ ముసలామె చేత తలుపు ఎందుకు తీయించలేదు అని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగితే చెబుదామని పదకొండేళ్లుగా జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను.

తలుపంటే గుర్తొచ్చింది. నా కథలో "ఎవరో తలుపు తట్టారు" అన్న వాక్యం అచ్చుతప్పు పడి "ఎవరో తలపు తట్టారు" అయింది. ఒక విమర్శకుడు దాని మీద పేజీన్నర రాశాడు. తలుపును తలపుగా మార్చడంలో సరిహద్దు మనిషి అంతర్ద్వంద్వం ఉందట, గడప లేనివాడికి జ్ఞాపకమే గడపట. చదివి కళ్లు చెమర్చాయి. మా తాత బతికుంటే ఆ ప్రూఫు దిద్దినవాడి చెవి మెలిపెట్టేవాడు. నేను రెండో ముద్రణలో దిద్దలేదు. రెండో ముద్రణ రాలేదు, అది వేరే విషయం.

ఈ అనుభవంతో నేనూ విమర్శలోకి దిగాను. సమీక్షకు రెండు ప్రతులు పంపాలన్న నియమం మీకు తెలిసిందే. ఒకటి చదవడానికి, ఒకటి తూకానికి. నేను రెండూ తూకానికే వాడతాను. పుస్తకం అందగానే వెనక అట్ట మీద రచయిత పుట్టిన ఊరు చూస్తాను. ఊరు దొరికితే "మట్టివాసన" అని మొదలెడతాను. దొరక్కపోతే కష్టం. పాత మహాబలిపురం రోడ్డులో కంప్యూటరు ఉద్యోగం చేసే ఒకమ్మాయి కథలు పంపింది. ఒక కథంతా ఆఫీసు లిఫ్టు ఆగిపోయి నలుగురు నలభై నిమిషాలు ఇరుక్కోవడం మీదే. బాగుంది. చదువుతుంటే నాకే ఊపిరాడలేదు. కానీ లిఫ్టుకి వేళ్లు ఎక్కడుంటాయి? "వేళ్లు కనిపించలేదు" అని రాసి పంపేశాను. ఆ అమ్మాయి ఫోన్ చేసి, "సార్, మాది ఏ ఊరని రాసుంటే బావుండేది?" అని అడిగింది. వెటకారమో, వినయమో తేల్చుకోలేకపోయాను.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ గారి విషయంలోనూ మా విమర్శ ఇంతే. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్ ఆయనది. దక్షిణానికి తరలొచ్చిన తెలుగువాళ్ల కథని 'గోపల్ల గ్రామం'గా తమిళంలోనే రాశారు. దాని తరువాయి నవలకి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, తమిళం పద్దులో. మా సభల్లో ఆయన పేరెత్తగానే "మనవాడే!" అని చప్పట్లు పడతాయి. ఆ నల్లరేగడి పల్లెల మాటలు ఏరి ఆయన నిఘంటువే కట్టారు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్క పేజీ చదివినవాళ్లు ఎందరని మాత్రం అడగకూడదు. నేనూ గట్టిగానే కొడతాను.

ఇక ఇంటర్వ్యూలు. పోయినేడు మైలాపూరులో ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. ఎనభై దాటాయి. ఒకప్పుడు వారపత్రికల్లో విరివిగా రాసింది. బల్ల మీద ఫోన్ పెట్టి రికార్డింగు నొక్కి, "అమ్మా, ఈ పరాయి నేల మీద..." అని మొదలుపెట్టాను.

"పరాయేమిటి అబ్బాయ్, నేను పుట్టింది కచ్చేరీ రోడ్డులో" అంది.

"వేళ్లు తెగిన బాధ..."

"మోకాళ్ల బాధ తప్ప ఇంకేం లేదు. కాఫీ తాగుతావా?"

తర్వాత ఆవిడే మొదలుపెట్టింది. కథలో సంభాషణ రాసేటప్పుడు వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడుగుతూ పైకి చదువుకునేదట. నీళ్ల చప్పుడులో కూడా వినబడే మాటే ఉంచి, వినబడనిది కొట్టేసేదట. ఒక్కో కథ నాలుగుసార్లు తిరగరాసి, నాలుగోసారి మొదటి పేజీ చించేసేదట. "మొదటి పేజీ ఎప్పుడూ మనం గొంతు సవరించుకోవడమే" అంది. మధ్యలో సిలిండరబ్బాయి వచ్చాడు. సంతకం పెట్టి వచ్చి, ఆపిన మాట దగ్గరే అందుకుంది. ఇలా నలభై నిమిషాలు.

ఇంటికొచ్చి వింటే, వలస గురించి రెండు నిమిషాలు కూడా లేదు. సంపాదకుడికి కావలసింది అదే. కాబట్టి నలభై నిమిషాలు తీసేసి రెండు నిమిషాలు ఉంచాను. "మోకాళ్ల బాధ"లో మోకాళ్లు తీసేశాను. 'బాధ తప్ప ఇంకేం లేదు' అన్న శీర్షికతో వచ్చింది. మంచి పేరొచ్చింది, నాకు.

బయల్దేరేటప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "నావి ఏ కథలు చదివావు?" అని అడిగింది. "చాలా ఉన్నాయమ్మా, ఏదని చెప్పను" అన్నాను. "ఏదో ఒకటి చెప్పు" అని అక్కడే నిలబడింది. లిఫ్టు వచ్చింది. ఎక్కేశాను.

పోయిన ఆదివారం నా వంతు. హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు కెమెరాతో సహా వస్తున్నానని ముందే ఫోన్ చేశాడు. "సార్, తాతగారి మూట ఉందిగా? దాంతో ఒక ఫొటో కావాలి." ఉందన్నాను. పెట్టేశాక గుర్తొచ్చింది, ఎక్కడిది? ఆ పంచెల్ని మా తాతే 1940లోపు చించేసి ఉంటాడు.

మా ఆవిడ మంచం కిందికి వంగి ఒక కట్ట లాగింది. నా మొదటి సంపుటి. 500 వేయించాను. చాలావరకు 2015 డిసెంబరు వరదలో అడయారు నదే వచ్చి పట్టుకెళ్లింది. ఇప్పటివరకూ నా పుస్తకానికి జరిగిన పెద్ద పంపిణీ అదే. మిగిలిన ఓ ముప్పై తడిసి ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలయ్యాయి. మా ఆవిడ వాటిని మా నాన్న పాత పంచెలో పెట్టి, నాలుగు కొసలూ కలిపి ముడేసింది. ముడి మీద కాస్త కాఫీ డికాక్షన్ చిలకరించింది. 1938 వచ్చేసింది.

కుర్రాడు చూసి చేతులు జోడించాడు. ఒళ్లో పెట్టుకోమన్నాడు, కిటికీలోంచి ఉత్తరం వైపు చూడమన్నాడు. మా కిటికీ దక్షిణానికి ఉంది, అటే చూశాను. "బాగా బరువుంది కదా సార్" అన్నాడు లోగొంతుకతో. అవునన్నాను.

ఫొటో చాలా బాగా వచ్చింది. ముడి విప్పి చూపించమని మాత్రం అతను అడగలేదు.