మాత్ర వేస్తే ఊడవక్కర్లేదా?

మొన్న మా దగ్గర సరుకు తీసుకునే కొట్టాయన వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాడు. అర కేజీ బియ్యప్పిండి ప్యాకెట్. మాదే. కవరుకి లోపలవైపు అంటుకున్న పిండి మీద సన్నటి గీతలు, ఎవరో సూదితో ముగ్గేసినట్టు. ముగ్గు చివర ఓ లక్క పురుగు. ఫొటో కింద ఒకటే మాట: "ఏంటండీ ఇది?" నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

తణుకు నుంచి అత్తిలి వెళ్ళే దారిలో మాదో చిన్న యూనిట్. బియ్యప్పిండి, ఇడ్లీ రవ్వ. నేనూ మా బాబాయి కొడుకూ కలిసి నడుపుతున్నాం. కాబట్టి ఇక్కడ ముందు నన్ను నేనే తిట్టుకుంటాను, తర్వాత మిగతా మిల్లుల వాళ్ళని. కోపం వస్తే రానీండి.

ఆ సాయంత్రమే ఎలివేటర్ బూట్ తలుపు విప్పాం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, పిండిని చిన్న చిన్న బకెట్లతో పైకి మోసే నిలువు గొట్టానికి అడుగున ఉండే పెట్టె అది. బెల్టు ఎంత తిరిగినా అడుగున నాలుగు వేళ్ళ మందం పిండి బకెట్‌కి అందకుండా ఉండిపోతుంది. మా దాంట్లో అది అట్టలు కట్టి, బూడిదరంగు తిరిగి, ముక్కవాసన కొడుతోంది. స్క్రూడ్రైవర్‌తో ఒక పెళ్ల లేపితే కిందదంతా కదిలింది. ఎర్రటి పెద్ద పురుగులు, తెల్లటి పిల్ల పురుగులు, అవి విడిచేసిన పొరలు. ఎన్ని నెలల కాపురమో! మేం రోజూ ఆడించే తాజా పిండి వాటి గుమ్మం ముందు నుంచి వెళ్ళి ప్యాకెట్లో పడుతోందన్నమాట.

"మాత్రలు పెట్టించి రెండు నెలలు కూడా కాలేదు కదన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

అదీ అసలు రోగం. మన గోదావరి జిల్లాల్లో పురుగు అనగానే అందరి నోటా వచ్చే మాట మాత్ర. అల్యూమినియం ఫాస్ఫైడ్. 3 గ్రాముల మాత్రకి గాల్లో తేమ తగిలితే 1 గ్రాము ఫాస్ఫీన్ గ్యాస్ వస్తుంది. బస్తా మధ్యలోకి కూడా దూరిపోతుంది, దాని గొప్పతనం దానికుంది, కాదనను. కానీ ఆ గ్యాస్ రోజుల తరబడి నిలబడాలి. మన షెడ్లు తెలుసుగా, రేకుకీ గోడకీ మధ్య పిచ్చుకలు గూడు పెట్టుకునేంత సందు. రాత్రి గడిచేసరికి గ్యాస్ కాస్తా కాలవగట్టు మీద షికారు పోతుంది. మిగిలిన పలచటి గ్యాస్‌కి చావని పురుగు పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్లలు తల్లిని మించిన మొండిఘటాలు. ఇది ఇవాళ పుట్టిన గొడవ కూడా కాదు. 1972-73లో ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్ళు ప్రపంచమంతా సర్వే చేసినప్పుడే ఫాస్ఫీన్‌కి లొంగని పురుగులు బయటపడ్డాయి. దానికి తోడు ఆ గ్యాస్ రాగిని తినేస్తుంది. మా ప్యాకింగ్ మెషిన్ బోర్డు రెండుసార్లు పోయాక గానీ మాకు ఆ సంగతి తలకెక్కలేదు.

లైసెన్సున్న వాళ్ళే వేయాలని రూలుంది. మా చుట్టుపక్కల నేను చూసినంతలో వేసేది బస్తాలు మోసే ముఠాలో కుర్రాడు, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని. ఫాస్ఫీన్‌కి తువ్వాలు ఏం అడ్డం వస్తుందండీ? మాత్ర చవక అంటారు చూడండి, ఆ చవకలో ఈ కుర్రాడి ఊపిరితిత్తులు లెక్కలోకి రావు.

మాత్రకి బదులు ఇంకో దారుంది, వేడి. పురుగుని వేడితో చంపడం కొత్త కనిపెట్టుడేం కాదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో జార్జ్ డీన్ అనే ఆయన పిండి మిల్లుల్లో ఇలా చేయొచ్చని 1911లోనే రాశాడు. తర్వాత గ్యాసులొచ్చి దాన్ని మరుగున పడేశాయి. ఓజోన్‌ని పాడుచేస్తోందని మాంట్రియల్ ఒప్పందం కింద మిథైల్ బ్రోమైడ్ అనే పురుగుల గ్యాస్‌ని ఆపేయాల్సి వచ్చాక (ధనిక దేశాలకి 2005 గడువు, మనలాంటి వాళ్ళకి 2015, ఎగుమతి, దిగుమతి సరుకు క్వారంటైన్ పనులకి మాత్రం మినహాయింపు) అక్కడి మిల్లులు మళ్ళీ వేడి వైపు చూశాయి.

ఇది చెప్తే ఇక్కడ నవ్వుతారు. "మన ఎండలకి వేరే వేడెందుకండీ బాబూ" అని. మే నెలలో రాజమండ్రి 45 డిగ్రీలకెళ్తే మనం మలమల మాడిపోతాం గానీ, లక్క పురుగు చల్లటి సందు చూసుకుని కూర్చుంటుంది. 25 నుంచి 33 దాకా దానికి సుఖం. 35 దాటితే సంతానం తగ్గుతుంది, అంతే. చావాలంటే షెడ్డులో ప్రతి మూలా 50 దాటాలి. 60 మించితే మెషిన్లకి ముప్పు. 50 దగ్గర గంటలు పడుతుంది, 60కి దగ్గరయ్యేకొద్దీ నిమిషాల్లోకి దిగుతుంది. తమాషా ఏంటంటే ఈ ఎర్ర పిండి పురుగులో వేడికి అందరికన్నా ఎక్కువ ఓర్చుకునేది పెద్దది కాదు, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల.

మా అమ్మ బియ్యంలో పురుగు పడితే నీడపట్టున చాప మీద ఆరబోసి చేటతో చెరిగేది. ఎండలో పోస్తే నూకైపోతాయని ఒప్పుకునేది కాదు. కందిపప్పైతే మాత్రం ఎర్రటి ఎండలో. పక్కన కూర్చుని చూస్తే పురుగులు చాప అంచు దాటి వరసగా అరుగు నీడలోకి నడిచిపోయేవి. చచ్చినవాటికన్నా నడిచిపోయినవే ఎక్కువ.

మేం శనివారం రాత్రి మిల్లు ఆపి, అద్దెకు తెచ్చిన హీటర్లూ నాలుగు పెద్ద ఫ్యాన్లూ పెట్టాం. ముఠా మేస్త్రి గుమ్మంలో నిలబడి "ఏం బాబూ, మిల్లుని బజ్జీల్లా వేయించేత్తారా ఏంటి?" అన్నాడు. గంటకి నాలుగైదు డిగ్రీల చొప్పున పెంచుకుంటూ పోయాం. తెల్లారేసరికి మధ్యలో 54. మేం జబ్బలు చరుచుకున్నాం. ప్యాకింగ్ గట్టు వెనక మూలన థర్మామీటర్ పెడితే 41. కింద సిమెంటు నేల వేడినంతా తాగేస్తోంది. షట్టర్ దగ్గరికెళ్ళి చూస్తే, కింది సందులోంచి చల్లగాలి వచ్చేచోట గచ్చు పొడుగునా ఎర్రటి గీత. అన్నీ పురుగులే. మా అమ్మ చాప అంచు గుర్తొచ్చింది.

బద్ధకించి లోపలే వదిలేసిన పిండి బస్తా ఒకటుంది. పైన చెయ్యి పెడితే కాలింది. మూతి విప్పి మోచేతి దాకా లోపలికి పెడితే హాయిగా, గోరువెచ్చగా ఉంది. పిండి కన్నా మంచి దుప్పటి లేదు పురుగుకి. ఫ్యాన్లు మార్చి, షట్టర్ కింద గోనెలు కుక్కి, బస్తా బయటపడేసి, మూలలు కూడా 50 దాటించి ఆదివారం సాయంత్రం దాకా నిలబెట్టాం. ఒక ప్లాస్టిక్ హాపర్ (పిండి పోసే తొట్టి) వంకరపోయింది. కరెంటు బిల్లు చూసి తమ్ముడు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

కానీ మాకు అసలు చుక్కలు చూపించింది హీటర్లు కాదు, అంతకుముందు నాలుగు రోజులు. బూట్లు విప్పడం, జల్లెళ్ళు దించడం, మెషిన్ల కిందా కేబుల్ ట్రేల్లోనూ పేరుకున్న పిండి గీకి తీయడం. నాలుగు వేళ్ళ పిండి మిగిలిపోతే దాని కింద ఎంత వేడి పెట్టినా దండగే. మన మిల్లులకి మాత్ర అంత ముద్దెందుకో అప్పుడర్థమైంది. అది ఊడవమని అడగదు. మన మురికి మన దగ్గరే ఉంచుకోనిస్తుంది. వేడి అలా కాదు, పెళ్ళిచూపులకొచ్చిన అత్తగారిలా మూలమూలా చూస్తుంది.

అన్నిటికీ వేడే అని కూడా అనను. నిల్వ ఉన్న బియ్యం బస్తాల నిట్టుల్ని వేడి చేస్తే నూకలు మిగుల్తాయి, అక్కడ గ్యాసే కావాలి, తెలిసినవాళ్ళ చేత, సరిగ్గా కప్పి. వేడి ఖాళీ చేసిన మెషిన్లకీ షెడ్డుకీ. పైగా దాని ప్రభావం ఆ రోజుకే. మర్నాడు ఎక్కడెక్కడో తిరిగొచ్చిన పాత గోతాలు లోపలికి దించారా, మళ్ళీ మొదటికే.

నాకు ఒళ్ళు మండేది పెద్దవాళ్ళని చూస్తే. మాలాంటి వాళ్ళకి కరెంటు ఖర్చు భారం, ఒప్పుకుంటా. బాయిల్డ్ రైస్ మిల్లుల వాళ్ళకేం? పెరట్లో ఊక కొండలు, రాత్రీ పగలూ బాయిలర్, కావలసినంత ఆవిరి. ఒక గొట్టం ఇటు లాగి, స్టీమ్ రేడియేటరూ ఫ్యానూ పెట్టుకుంటే షెడ్డు వేడెక్కుతుంది. ధాన్యం ఉడకబెట్టడానికి ఉన్న ఆవిరి పురుగు దగ్గరికొచ్చేసరికి గుర్తురాదు. ఒకాయన్ని అడిగితే "ఎందుకండీ, మాత్రలున్నాయిగా" అన్నాడు. ఆయన కూర్చున్న గల్లాపెట్టె మీదే రెండు లక్క పురుగులు తిరుగుతున్నాయి.

దాళ్వా (రబీ) ధాన్యం దిగేలోపు మేం ఇంకోసారి చేస్తాం. ఈసారి మూలమూలా టెంపరేచర్ రికార్డయ్యే లాగర్లు కావాలి, కనీసం పది. మన జిల్లాలో అద్దెకిచ్చేవాళ్ళెవరైనా తెలిస్తే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. మాత్రలాయన నంబరు మాత్రం పంపకండి, నా దగ్గర ఇప్పటికే ముగ్గురివి ఉన్నాయి.