కోవిడ్ సాకు.. డార్విన్‌పై వేటు

కోవిడ్ దృష్ట్యా పిల్లల మీద చదువు భారం తగ్గిస్తున్నామని, జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 2022లో ప్రకటించింది. కోవిడ్ రోజులు కదా, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తీరా చూస్తే పదో తరగతి సైన్సులో ‘అనువంశికత, పరిణామం’ పాఠం కాస్తా ‘అనువంశికత’గా మిగిలింది. జీవుల పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్ పోయాడు, శిలాజాలు పోయాయి. ఆవర్తన పట్టిక పాఠం పోయింది. విద్యుత్ మోటారు, జనరేటరూ పోయాయి. 2023లో 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు బహిరంగ లేఖ రాసినా చలనం లేదు. కోవిడ్ పోయి ఏళ్లయింది. పోయిన పాఠాలు మాత్రం తిరిగి రాలేదు.

పన్నెండో తరగతి జీవశాస్త్రంలో పరిణామం అలాగే ఉంది కదా అంటున్నారు, ఈ కోతను సమర్థించేవాళ్లు. ఉంది, కాదనం. అయితే అది చదివేది బైపీసీ వాళ్లే. ఎంపీసీ, సీఈసీ, ఐటీఐల్లో చేరేవాళ్ల మాటేమిటి? ఏ జిల్లా పరిషత్ బాలుర ఉన్నత పాఠశాలకైనా వెళ్లి పది పాసైన కుర్రాళ్లను అడగండి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు కావాలనేవాళ్లు తప్పక కనిపిస్తారు. పొలంలో బోరు మోటారు వేసి, అది కాలిపోతే ఊళ్లో మెకానిక్ పక్కన కూర్చుని వైండింగు చుట్టడం చూసినవాళ్లు. కరెంటు ఇస్తే ఆ మోటారు ఎందుకు తిరుగుతుందో చెప్పే పేజీలనే వాళ్ల పుస్తకంలోంచి తీసేసి, ఇదంతా మీ మేలుకేనంటే నమ్మాలా?

అసలు పేచీ ఈ సాకుతోనే. డార్విన్ సిద్ధాంతం తప్పని, పాఠ్యాంశాల్లోంచి తీసేయాలని 2018లో కేంద్ర సహాయ మంత్రి సత్యపాల్ సింగ్ బాహాటంగానే అన్నారు. మరుసటి ఏడాది జలంధర్‌లో సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలని సెలవిచ్చింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వీసీ గారే. అప్పుడు నవ్వి ఊరుకున్నాం. మంత్రి కోరిక నాలుగేళ్లకు పదో తరగతి పుస్తకంలో తీరింది, పేరు మాత్రం కోవిడ్‌ది. ఆ మాటకూ ఈ కోతకూ లంకె ఉందని మేం అనడం లేదు. లేదని నమ్మించాల్సిన బాధ్యత కోసినవాళ్లది. నమ్మించడానికి తేలిక దారీ ఉంది: భారం కోవిడ్ వల్ల వచ్చిందే అయితే, కోవిడ్ పోయాక పాఠం తిరిగి పెట్టాలి. పెట్టలేదు. ఈ సాకు ఇవాళ చెల్లిందంటే రేపు ఎవరికి గిట్టని పాఠం వాళ్లకు భారమవుతుంది. ఇవాళ డార్విన్, రేపు ఇంకొకరు. అడిగితే మళ్లీ అదే జవాబు, భారం!

తెలంగాణ తన సొంత పుస్తకంలో ఆవర్తన పట్టికను ఉంచుకుంది. ఆంధ్రప్రదేశ్ 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తెచ్చుకుంది, కోతలతో సహా. ఎన్‌సీఈఆర్‌టీ తీసేసిన చరిత్ర పాఠాలకు కేరళ 2023లోనే అనుబంధ పుస్తకాలు అచ్చు వేసింది. సైన్సుకు ఆ పని చేయడం ఆంధ్రప్రదేశ్‌లో పాఠ్యపుస్తకాలు చూసే మన ఎస్‌సీఈఆర్‌టీకి చేతకాదా? రాయగల సైన్సు టీచర్లకు ఈ రాష్ట్రంలో కరువా? డిజిటల్ బోర్డుల ముందు నిలబడి ఫొటోలు దిగడం తర్వాత, ముందు ఆ నాలుగు పాఠాలు అచ్చు వేయించండి.