ఎనిమిది మంది కలిస్తే ఐర్లండ్ చవకే

ఐర్లండ్ గోల్ఫ్ యాత్రకు మూడు రకాల బడ్జెట్లున్నాయని మొన్న నా వాట్సాప్‌లోకి వచ్చిపడ్డ ఒక రంగుల బ్రోచర్ సెలవిచ్చింది. మహారాజులకొకటి, సుఖజీవులకొకటి, సామాన్యుడికొకటి. సామాన్యుడి ధర పక్కన చిన్న నక్షత్రం గుర్తు. దాన్ని పట్టుకుని పేజీ అడుక్కి దిగితే, భూతద్దానికి కూడా లొంగని అక్షరాల్లో అసలు సంగతి ఉంది. ఎనిమిది మంది కలిసి వెళితేనే ఈ ధర. ఇద్దరికో గది. విమానం టికెట్ వేరు, వీసా వేరు, కర్రల సంచి మోసే క్యాడీ వేరు, క్యాడీకిచ్చే టిప్పు వేరు, రాత్రి భోజనం వేరు. ఇక ప్యాకేజీలో ఏం మిగిలిందయ్యా అంటే పొద్దుటి టిఫినూ, గడ్డీ.

ఎనిమిది మంది! తిరుపతి వెళ్దామంటేనే నలుగురికి సెలవులు కలవవు. అలాంటిది సొంత గోల్ఫ్ కిట్టు, చేతిలో హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ (మన ఆట ఏ పాటిదో చెప్పే కాగితం), ఇంట్లో అనుమతి, ఈ మూడూ ఉన్నవాళ్ళు ఎనిమిది మంది కావాలట. అంతమంది గోల్ఫ్ స్నేహితులున్నవాణ్ణి సామాన్యుడని పిలిచే దేశమేదో చూపించండి, నేనక్కడికి వలసపోతాను.

కాబట్టి ప్రజాహితం కోరి, ఈ బడ్జెట్లను నేనే సరిగ్గా విడమరుస్తున్నాను.

మహారాజు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అమెరికా, యూరప్ గోల్ఫ్ జట్లు తలపడే రైడర్ కప్ 2027లో జరగబోయే అడేర్ మానర్ హోటల్లో దిగుతాడు, అక్కణ్ణుంచి హెలికాప్టర్లో తిరుగుతాడు. ఆయన ఈ వ్యాసం చదవడు, ఎవరిచేతైనా చదివించుకుంటాడు.

సుఖజీవి అంటే మనవాడే. జూన్‌లో వెళ్తాడు. అప్పుడక్కడ రాత్రి పది దాకా వెలుతురుంటుంది గనక, పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి రోజుకు రెండు రౌండ్లు ఆడితీరాలని కంకణం కట్టుకుంటాడు. బాలీబనియన్ కోర్సులో మొదటి హోల్ పక్కనే శ్మశానం. ఊళ్ళో బిల్ క్లింటన్ విగ్రహం, చేతిలో గోల్ఫ్ కర్రతో సహా. 1998లో ఆయన వచ్చి ఆడినందుకు పెట్టారు. దానితో సెల్ఫీ అయ్యాక లాహించ్ కోర్సుకు వెళ్తాడు.

లాహించ్‌లో వాతావరణ శాఖ బాధ్యతలు మేకలవి. అవి క్లబ్‌హౌస్ దగ్గర చేరితే వాన, దూరంగా ఇసుక దిబ్బల మీద మేస్తుంటే ఎండ. ఒకప్పుడు బారోమీటర్ పాడైతే ‘మేకల్ని చూడండి’ అని దానికి చీటీ తగిలించారని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. క్లబ్ గుర్తు కూడా మేకే. ఆ రోజు మేకలు క్లబ్‌హౌస్ గోడకు ఆనుకుని నిలబడ్డాయనుకోండి. మనవాళ్ళు నలుగురు బయల్దేరారు. రియల్ ఎస్టేట్ రాజుగారు, ఆయన బావమరిది, గుండె డాక్టరు గారు, ఈ ముగ్గురి లెక్కలూ చూసే పాపానికి వెంట రావలసి వచ్చిన ఆడిటర్ గారు.

ఐదో హోల్ పేరు డెల్. రెండు దిబ్బల నడుమ గ్రీన్, అంటే బంతి పడాల్సిన గుంట ఉండే నున్నటి గడ్డి, దాక్కుని ఉంటుంది. మొదటి దెబ్బ కొట్టే చోటు, అదే టీ, మీద నిలబడితే గ్రీనూ కనపడదు, జెండా కనపడదు. ఎదురుగా గడ్డి గుట్ట, దాని మీద ఒక తెల్ల రాయి, అంతే. లోపల జెండా ఎటు మార్చితే పైన రాయినీ అటు జరుపుతారు. రాయిని చూసి కొట్టి దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి.

“జెండా ఏదయ్యా?” అన్నారు రాజుగారు. క్యాడీ రాయి చూపించాడు.

“రాయి కనపడుతూనే ఉంది. జెండా ఏదీ?”

“దాని వెనకాల.”

“వెనకాల అంటే ఎంత దూరం?” క్యాడీ ఆకాశంలోకి చూశాడు.

“మన వెంచర్ లాంటిదే బావగారూ,” అన్నాడు బావమరిది. “హద్దు రాయి చూపిస్తాం. ప్లాటు తర్వాత కనపడుతుంది.”

రాజుగారు ఆ కోపంలోనే కొట్టారు. మిగతా ముగ్గురూ కొట్టారు. బంతులు నాలుగూ గుట్ట దాటి వానలో కలిసిపోయాయి. అవతలికి ఎక్కి దిగి వెతికితే మూడు బంతుల జాడ లేదు. నాలుగోది గుంటలో ఉంది. ఒక్క దెబ్బకే లోపల! జీవితకాలపు ఘనత. ఎవరిది? నలుగురూ పొద్దున ప్రో షాపులో మేక బొమ్మ బంతులే కొన్నారు, ఒక్కరూ గుర్తు పెట్టుకోలేదు.

“నాదే,” అన్నారు రాజుగారు.

“గాలి వాటం చూసి కొట్టింది నేనండీ,” అన్నారు డాక్టరు గారు.

“చప్పుడు వినపడింది నాకొక్కడికే,” అన్నాడు బావమరిది.

ఆడిటర్ గారు వీడియో ఏమన్నా ఉందా అని అడిగారు. అప్పుడు క్యాడీ ఆనందం పట్టలేక, హోల్ ఇన్ వన్ కొట్టిన పెద్దమనిషి క్లబ్‌హౌస్‌లో ఉన్నవాళ్ళందరికీ మందు పోయించాలి, అది ఆనవాయితీ అన్నాడు. వానకి జనమంతా లోపలే ఉన్నారని కూడా చెప్పాడు.

కాసేపు వాన చప్పుడు మాత్రమే వినిపించింది.

“మీదే లెండి డాక్టరు గారూ, గాలి వాటం చూశారు కదా.”

“అబ్బే, నాది ఎడమకి పోయింది. మీ బావమరిదికి చప్పుడు వినపడిందన్నాడు.”

“నాకు చెవుడు బావగారూ.”

చివరికి ఆ బంతి అంతకుముందు ఆడిన బ్యాచ్‌వాళ్ళు మరిచిపోయిందని ఆడిటర్ గారు సర్టిఫై చేశారు. ఐర్లండ్ గడ్డ మీద ఇంత శుభ్రమైన ఆడిట్ మళ్ళీ జరగలేదు.

ఇక సామాన్యుడు. ఆయనకు నవంబరు నుంచి మార్చి దాకా ఫీజు తగ్గిస్తారు, ఎందుకంటే డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఫెయిర్‌వే గడ్డి చెడిపోకుండా చిన్న చాప ఒకటి ఇస్తారు. దాన్ని మోసుకెళ్ళి, పరుచుకుని, దాని మీద బంతి పెట్టుకుని కొట్టాలి. యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు. ఛాంపియన్లు ఆడే పోర్ట్‌రష్ చూడాలంటే అది ఉత్తర ఐర్లండ్, బ్రిటన్ కింది లెక్క. సరిహద్దులో గేటుండదు గానీ అనుమతి మాత్రం ఉండాలి. బసకు డబ్లిన్‌లో మేనల్లుడున్నాడు గదా అంటారు. ఆ ఊళ్ళో అద్దె గది దొరకడమే గగనం. వాడే ఇంకొకడితో గది పంచుకుంటున్నాడు. “మావయ్యా, మీరు రండి, బ్యాగు మాత్రం అక్కడే పెట్టి రండి,” అన్నాడట.

ఈ మూడు బడ్జెట్లకూ బ్రోచర్‌లో ముఖచిత్రం ఒకటే. ఓల్డ్ హెడ్.

కార్క్ కౌంటీలో కిన్‌సేల్ దగ్గర సముద్రంలోకి పొడుచుకెళ్ళిన కొండ కొమ్ము అది. చుట్టూ అట్లాంటిక్, కొసన లైట్‌హౌస్. 1915 మే 7న జర్మన్ టార్పెడో తగిలి లూసిటేనియా మునిగింది ఆ ఎదురు సముద్రంలోనే. దాదాపు 1200 మంది పోయారు. సీజన్‌లో ఇక్కడ ఒక్క రౌండుకు నాలుగు వందల యూరోల పైమాటే, అంటే మన డబ్బుల్లో నలభై వేలకు తక్కువ కాదు. ఇచ్చుకోండి, మీ డబ్బు మీ ఇష్టం.

కానీ ఆ కొమ్ము మీద ఒకప్పుడు ఊరి జనం నడిచేవాళ్ళు. ఆదివారం పిల్లల్ని తీసుకుని లైట్‌హౌస్ వైపు వెళ్ళేవాళ్ళు. 1997లో గోల్ఫ్ కోర్సు తెరిచారు. జనానికి దారి వదలాలని అనుమతిలో పెట్టిన షరతుల మీద యజమానులు కోర్టుకెక్కితే, 2003లో ఐర్లండ్ సుప్రీంకోర్టు ఆ షరతులు చెల్లవు పొమ్మంది. జనం కంచె దాటి వెళ్ళి, లోపల కూర్చుని, పిక్నిక్ చేసుకుని నిరసన తెలిపారు. తమ ఊరి సముద్రాన్ని తాము చూడ్డానికి దొంగల్లా కంచె దూకాలా? ఆ కొండను వీళ్ళు చెక్కారా? ఆ గాలికి వీళ్ళు పెట్టుబడి పెట్టారా? నాలుగు వందల యూరోలు పారేసినవాడికి తెరుచుకునే గేటు, అక్కడే పుట్టినవాడికి మూసుకుంటుంది. దీన్ని ‘ప్రత్యేక అనుభూతి’ అని అచ్చేసి అమ్ముతున్నారు. సిగ్గుండాలి. అమ్మేవాడికే కాదు, కొనేవాడికి కూడా. గోల్కొండ నయాఖిలా గోడల మధ్య గోల్ఫ్ గడ్డి పరుచుకోవడం చూసినవాళ్ళకు ఈ కథ కొత్తగా అనిపించదు.

అదే దేశంలో క్లేర్ కౌంటీ డూన్‌బెగ్ ఇసుక దిబ్బల్లో రెండు మిల్లీమీటర్ల నత్త ఒకటుంది. యూరప్ చట్టం దానికి అండ. గోల్ఫ్ కోర్సు వేసినప్పుడు అది బతికే దిబ్బల జోలికి పోవద్దన్నారు, పోలేదు. 2014లో ఆ కోర్సును ట్రంప్ కొన్నాడు. సముద్రపు కోతకు అడ్డంగా గోడ కడతామని ఆయన కంపెనీ అడిగితే, ఆయన అమెరికా అధ్యక్షుడిగా ఉండగానే, 2020లో ప్లానింగ్ బోర్డు కుదరదంది. నత్తకు దక్కిన న్యాయం కిన్‌సేల్ మనిషికి దక్కలేదు. మళ్ళీ జన్మంటూ ఉంటే దరఖాస్తు దేనికి పెట్టుకోవాలో ఇప్పుడే నిర్ణయించుకోండి.

బ్రోచర్ చెప్పని నాలుగో బడ్జెట్ కూడా ఉంది. కార్క్ ప్రాంతంలోనే పుట్టిన పిచ్ అండ్ పట్ అనే పొట్టి గోల్ఫ్. ఒక్కో హోల్ తొంభై మీటర్లు దాటదు, రెండు మూడు కర్రలు చాలు, ఫీజు సినిమా టికెట్ పాటి. రిటైరైన తాతలూ బడిపిల్లలూ కలిసి ఆడతారు. హ్యాండిక్యాప్ అడగరు, ఎనిమిది మందిని పోగేసుకు రమ్మనరు. అదే సముద్రం, అదే గాలి, అదే వాన. కాకపోతే మేక బొమ్మ టోపీ అమ్మరు. కాబట్టి మనవాళ్ళెవరూ వెళ్ళరు.