డబ్బు ముట్టగానే కాంట్రాక్టర్ బాధ్యత తీరిపోతుందా?

ఇంటి మరమ్మతుల గురించి ఒక సందేశం ఫోన్లలో తెగ తిరుగుతోంది. అందులోని మాటలు ఇవి: "పని చూసుకుని డబ్బంతా ఇచ్చేశాక కాంట్రాక్టర్‌కు ఏ సంబంధమూ ఉండదు. రాతపూర్వక గ్యారంటీ లేకపోతే అడిగే హక్కే లేదు. సామాను మీరు కొనిస్తే తప్పు మీదే. పని చెడితే ఇంకొకరితో చేయించి, బిల్లు పాతవాడికి పంపండి." సంబంధమే లేనివాడికి బిల్లు ఎందుకు పంపాలో రాసినవారికే తెలియాలి.

మొదటి మాట చూద్దాం. చూసుకుని డబ్బిచ్చారు, సరే. ఏం చూశారు? స్నానాల గదిలో పైకి కనిపించేవి టైల్స్, వాటి మధ్య సందుల్లో నింపే గ్రౌట్. సిమెంటు గ్రౌట్ నీటిని పూర్తిగా ఆపదు. ఆపేది టైల్స్ కింద ఉండే వాటర్‌ప్రూఫింగ్ పొర. దాన్ని గోడల మీదికి కొంత ఎత్తు వరకు ఎక్కించారా? నీళ్లు పోయే గొట్టం మూతి చుట్టూ సందు లేకుండా అతికించారా? టైల్స్ వేయకముందే ఆ గొట్టం మూతి మూసి, గదిలో నీళ్లు నింపి, కనీసం 24 గంటలు నిలిపి చూశారా? టైల్స్ పడ్డాక ఇవేవీ యజమాని కంటికి ఆనవు. నెలలు గడిచి, కింది గది పైకప్పు చెమ్మగిల్లి పెచ్చులూడినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. అందుకే చాలా దేశాల చట్టాలు కంటికి కనిపించే లోపాన్నీ, లోపల దాగిన లోపాన్నీ వేరువేరుగా చూస్తాయి. వంకరగా బిగించిన తలుపును చూసి కూడా మాట్లాడకుండా డబ్బిస్తే తర్వాత వాదించడం కష్టమే. దాగిన లోపం మాత్రం డబ్బు ముట్టినంత మాత్రాన మాఫీ కాదు. కాకపోతే ఫిర్యాదుకు గడువుంటుంది, చూద్దాంలే అని కూర్చోకూడదు.

గ్యారంటీ సంగతికి పెద్ద చర్చ అక్కర్లేదు. పని ఒప్పుకున్నవారు వృత్తికి తగిన నేర్పుతో చేయాలన్నది రాయకపోయినా ఉన్నట్టే లెక్క. కాగితం లేకపోతే ఇబ్బంది రుజువు దగ్గరే. ఫోను సందేశాలు, బ్యాంకు చెల్లింపులు, పని జరుగుతున్నప్పటి ఫోటోలు అక్కడ అక్కరకొస్తాయి.

సామాను గురించిన మాట సగం నిజం. మీరు కొన్న టైల్ నాసిరకమై దానంతటదే పగిలితే మేస్త్రీని అని లాభం లేదు. తట్టినప్పుడు డొల్లగా మోగితే మాత్రం కింద సిమెంటు సరిగా పట్టలేదని అనుమానించాలి, అది మేస్త్రీ చేతిపనిలో లోపం. సరుకు పనికిరాదని తెలిసీ నోరు మెదపకుండా వేసినా బాధ్యతలో అతనికి వాటా ఉంటుంది. అతను వద్దన్నా మీరు పట్టుబట్టి వేయిస్తే ఆ ఖర్చు మీదే.

అన్నిటికన్నా ముంచేది, ఇంకొకరితో చేయించి బిల్లు పంపమన్న చివరి సలహా. లోపాన్ని కాంట్రాక్టర్‌కు రాతపూర్వకంగా తెలిపి, సరిచేయడానికి తగిన గడువివ్వకుండా అంతా పగలగొట్టిస్తే సాక్ష్యం శిథిలాలతోపాటే పోతుంది. "చెప్పి ఉంటే నేనే ఉచితంగా చేసేవాణ్ని" అని అతను అడ్డం తిరిగితే మీ దగ్గర జవాబుండదు. గొట్టం పగిలి నీళ్లు పారుతుంటే మాత్రం ఆగక్కర్లేదు. ఫోటోలు తీసి, వెంటనే నీళ్లు ఆపించండి, నష్టం పెరగకుండా చూడటం మీ వంతు. ఆ ఖర్చు తర్వాత అడగవచ్చు. పనిలో పనిగా మామూలు టైల్స్ తీయించి పాలరాయి పరిపిస్తే, ఆ తేడాను ఎవరి మీదా వేయలేరు.