నల్లరేగడిలో కనిపించే రాయి పత్తికుప్పలో కనిపించదు

మా అక్కది హన్మకొండ. నలభై ఆరేళ్లు. మొన్న మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) తీయించుకొని వచ్చి, "మంచిగనే ఉందన్నరు చెల్లె, ఇగ టెన్షన్ లేదు" అంది. రిపోర్టు తీసి చూశాను. గడ్డ ఏదీ కనబడలేదని రాసి ఉంది. దానికి పైన ఆమెకు ఎవరూ చదివి చెప్పని ముక్క ఒకటుంది: రొమ్ము సాంద్రత, సి రకం.

రొమ్ములో పాలగ్రంథులు, పాలనాళాలు, వాటిని పట్టి ఉంచే పీచు కణజాలం, మధ్య మధ్య కొవ్వు ఉంటాయి. కొవ్వు ఎక్స్‌రేను పెద్దగా ఆపదు కాబట్టి మామోగ్రామ్‌లో నల్లగా పడుతుంది. గ్రంథులు, పీచు తెల్లగా పడతాయి. చిక్కేమిటంటే క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. నల్లరేగడి చేనులో తెల్లరాయి గట్టు మీద నిలబడి చూసినా కనిపిస్తుంది. అదే రాయిని ఎనుమాముల మార్కెట్లో పత్తికుప్ప మీద వేస్తే ఎవరు కనిపెడతారు? ఈ తెలుపు ఎంతుందన్నదే సాంద్రత. అది చూసి రేడియాలజిస్టులు (స్కాన్‌లు చదివే డాక్టర్లు) తక్కువ నుంచి ఎక్కువకు ఎ, బి, సి, డి అని రాస్తారు. సి, డి రెండూ 'డెన్స్', అంటే చిక్కని రొమ్ము కిందికే వస్తాయి. అమెరికాలో నలభై దాటి మామోగ్రామ్ తీయించుకునే ఆడవాళ్లలో దాదాపు సగం మంది ఇలాంటివాళ్లే. కనుక ఇది జబ్బు కాదు. చేత్తో నొక్కి చూస్తే తెలిసేదీ కాదు.

గడ్డను దాచిపెట్టడం ఒక సంగతి. అసలు గడ్డ పుట్టడానికే ఇది కారణమా అన్నది వేరే సంగతి. 1976లో జాన్ వోల్ఫ్ అనే అమెరికన్ రేడియాలజిస్టు అవునన్నప్పుడు చాలామందికి అనుమానమే. తెలుపు చాటున ముందే ఉన్న గడ్డలు తర్వాత బయటపడుతున్నాయేమో అనుకున్నారు. 2007లో కెనడాకు చెందిన నార్మన్ బాయ్డ్ బృందం లెక్క తీసింది. రొమ్ములో ముప్పావు వంతుకు పైగా తెలుపు ఉన్నవాళ్లకు, పది శాతం కూడా లేనివాళ్లతో పోలిస్తే క్యాన్సర్ ముప్పు 4.7 రెట్లు. ఎనిమిదేళ్లు గడిచినా ఆ తేడా పోలేదు. దాగి ఉన్న గడ్డలే కారణమైతే అన్నేళ్లు నిలవదు.

ఈ 4.7 వాట్సాప్‌లో పడితే ఊరంతా హడలిపోతుంది. అది రెండు కొసల మధ్య తేడా. మామూలు ఆడమనిషితో పోలిస్తే డి రకానికి ముప్పు రెండు రెట్లు, సి రకానికి అంతకన్నా బాగా తక్కువ.

ఎందుకు పెరుగుతుంది? తెల్లగా కనిపించేదాంట్లో ఎక్కువ భాగం కొలాజెన్ పీచు. అది ఊరికే పడి ఉండే గోడ కాదు. చుట్టూ పీచు బిగుసుకుంటే పాలనాళాల కణాలకు ఆ ఒత్తిడి తెలుస్తుంది, విభజన జోరు పెరుగుతుంది. కొలాజెన్ ఎక్కువయ్యేలా చేసిన ఎలుకల్లో గడ్డలు ఎక్కువగా వచ్చాయి. రొమ్ము క్యాన్సర్ రాకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర వాడినవాళ్లలో సాంద్రత తగ్గినవాళ్లకే ముప్పు బాగా తగ్గింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వయసుతో, కాన్పులతో, ముట్లు ఆగాక సాంద్రత తగ్గుతుంది. క్యాన్సర్ ముప్పు మాత్రం వయసుతో పెరుగుతుంది. 1983లో మాల్కమ్ పైక్ అనే క్యాన్సర్ పరిశోధకుడు చెప్పిన ఆలోచనతో ఈ ముడి కొంత విడుతుంది. లెక్కలోకి వచ్చేది ఇవాళ్టి తెలుపు ఒక్కటే కాదు, ఇన్నేళ్లుగా హార్మోన్ల కింద నలిగిన కణజాలం మొత్తం. వడ్డీ రేటు తగ్గినంత మాత్రాన పాత బాకీ మాఫీ కాదు కదా.

మన దేశంలో ఈ క్యాన్సర్ పాశ్చాత్య దేశాలకన్నా సుమారు పదేళ్లు ముందే బయటపడుతోంది. నలభైల్లో, అంటే రొమ్ము ఇంకా చిక్కగా ఉండే వయసులో. అందుకే మామోగ్రామ్ ఒక్కటే నమ్ముకోవడం మనకు సరిపోదని నా అభిప్రాయం. జపాన్‌లో నలభైల్లో ఉన్నవాళ్లకు మామోగ్రామ్‌తో పాటు అల్ట్రాసౌండ్ కూడా చేస్తే, గడ్డను పట్టుకునే శక్తి 77 నుంచి 91 శాతానికి పెరిగింది. దాంతోపాటు అనవసరపు అనుమానాలు, సూది పరీక్షలు కూడా పెరిగాయి, దాచడమెందుకు. నెదర్లాండ్స్‌లో డి రకం వాళ్లకు ఎంఆర్ఐ చేసి మంచి ఫలితం చూశారు. కానీ భూపాలపల్లి నుంచో ములుగు నుంచో ఎంఆర్ఐ కోసం రమ్మని అందరికీ చెప్పగలమా? అల్ట్రాసౌండ్ అయితే గర్భిణులకు చేసే స్కానింగే, చాలా పట్నాల్లో దొరుకుతుంది.

అమెరికాలో 2024 సెప్టెంబరు నుంచి ప్రతి మామోగ్రామ్ కేంద్రమూ ఆ మహిళకు సాంద్రత సంగతి మామూలు మాటల్లో రాసివ్వాలి. మన దగ్గర అలా రాసివ్వాలంటే తెలుగులో రెండు వాక్యాలు చాలు: "మీ రొమ్ము చిక్కగా ఉంది, ఇందులో చిన్న గడ్డ కనబడకపోవచ్చు. చేతికి గడ్డ తగిలితే ఈ రిపోర్టు చూసి ఊరుకోకండి." కాగితం ఖర్చు కూడా పెరగదు.

అక్కతో స్కానింగ్ చేయించాం. చిన్న నీటిబుడగ తప్ప ఏమీ లేదు. "మరి మా బిడ్డకు?" అంది. కవల పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో సాంద్రతలో తేడాలకు సగానికి పైగా వంశమే కారణమని తేలిందన్నాను. బిడ్డకు ఇరవై నాలుగేళ్లు, ఇప్పుడే మామోగ్రామ్ అక్కర్లేదని కూడా చెప్పాను. అక్క ఫోన్ తీసి, రిపోర్టులో సి అని రాసిన చోట వేలు పెట్టి ఫోటో తీసుకుంది.